చివరి బల్ల

మూడో లోడు కూడా తిరిగొచ్చింది.

లారీ వస్తున్న తీరులోనే కోడలికి సంగతి తెలిసిపోయింది. ఖాళీ లారీ అయితే గతుకుల మీద ఎగురుకుంటూ కులాసాగా వస్తుంది. ఇది పరీక్ష తప్పి ఇంటికొచ్చే పిల్లాడిలా బరువుగా, మెల్లగా వచ్చి షెడ్డు గుమ్మంలో ఆగింది. డ్రైవరు దిగి, ఆమె మొహం చూడకుండా ఒక కాగితమూ ఒక చిన్న సంచీ చేతిలో పెట్టాడు. సంచీలో నలిగిపోయిన ప్లాస్టిక్ డబ్బాలు పదో పన్నెండో ఉన్నాయి. మిల్లువాళ్ళు మన తప్పుని మనకే పొట్లం కట్టి పంపారన్నమాట.

"మళ్ళీ అదేనా?" అని అడిగింది.

"అదేనమ్మా. జొన్న డబ్బాలే."

షెడ్డులో ఆమె సూపర్‌వైజరు, ఇంట్లో కోడలు. మనం కోడలనే అందాం. ఆ షెడ్డులో ఆమె మొదట అడుగుపెట్టింది కూడా ఆ వరసతోనే.

ఊరు పారేసిన సీసాలూ, అట్టపెట్టెలూ, రేకు డబ్బాలూ, ప్లాస్టిక్ డబ్బాలూ అన్నీ ఆ షెడ్డుకే వస్తాయి. పదకొండు మంది వాటిని బెల్టు మీద పోసి, రకాలుగా ఏరి, పెద్ద మోపుల్లా నొక్కి బేళ్ళు కట్టి మిల్లులకు పంపుతారు. ఏరేవాళ్ళ ప్రాణం తీసేది మాత్రం ఒక్కటే. అద్దంలా మెరిసే ప్లాస్టిక్ డబ్బాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి నీళ్ళ సీసాలు చేసే రకం. కరిగిస్తే మళ్ళీ సీసా అవుతుంది. రెండోది మొక్కజొన్నతో చేసే కొత్త రకం. షెడ్డువాళ్ళు దాన్ని జొన్న డబ్బా అంటారు. బేకరీవాళ్ళు, పళ్ళముక్కలు అమ్మేవాళ్ళు ఊరికి మంచి చేస్తున్నామనుకుంటూ వాటిని వాడతారు. మంచిదే, దాని దారిన అది పోతే. సీసా రకంతో కలిసి కరిగిందా, పాలకుండలో నిమ్మరసం పిండినట్టే. పైకి చూస్తే రెండూ కవలలు. అడుగున ఏదో ముద్ర ఉంటుంది గానీ, నలిగి, జిగురంటి, లేబుల్ కింద దాక్కున్న ముద్రని కదిలే బెల్టు మీద చూసే మొనగాడెవడు?

ఇదంతా ఇదివరకూ ఉన్నదే. ఈ ఏడు మాత్రం నెత్తి మీద చట్టం కూర్చుంది. ఊళ్ళో పడే ప్యాకింగు చెత్తలో వంద కిలోలకు అరవై అయిదు కిలోలు ఏడాది చివరికల్లా మళ్ళీ వస్తువుగా మారాలట. పూర్వం ఇంటి గుమ్మం దగ్గర ఎత్తుకున్నదంతా లెక్కలోకి వచ్చేది. ఇప్పుడు మిల్లు గేటు దాటిందే లెక్క. తిరిగొచ్చినది సున్నా. ఊరు అరవై మూడు పాయింట్ ఆరు దగ్గర నిలబడి ఉంది. మిగిలినవి రెండు లోడ్లు. ఒక్కోటీ పాయింట్ ఎనిమిది. రెండూ మిల్లు దాటితే గట్టెక్కినట్టు. ఒక్కటి తిరిగొచ్చినా మునిగినట్టే. అప్పుడు షెడ్డు మూసేసి, చెత్తనంతా కలగాపులగంగా దూరపు పట్నంలో యంత్రాల ప్లాంటుకు తోలెయ్యాలని కౌన్సిల్ ముందే తీర్మానం రాసి పెట్టుకుంది. తారీకు ఒక్కటే ఖాళీ వదిలారు.

ఈ లెక్కలన్నీ ఆమెకు కంఠతా వచ్చేలా చేసినవాడు మున్సిపాలిటీ ఆఫీసరు. షెడ్డులో ఆయన్ని పర్సెంటు సారు అంటారు. ఒకసారి పిల్లాడి జ్వరం ఎలా ఉందని అడిగితే "నలభై శాతం తగ్గిందండీ" అన్నాడు. అప్పటినుంచీ ఆ పేరు స్థిరపడిపోయింది. మనిషి మంచివాడే. శాతాల్లో మంచివాడు.

ఇక షెడ్డులో బెల్టు చివర, చప్పుడు కాస్త తగ్గే మూలలో, ఒక చెక్కబల్ల ఉంది. బేలులోకి పోయే ముందు ప్రతి డబ్బా ఆ బల్ల దాటాలి. అక్కడ ఇరవై ఆరేళ్ళుగా నిలబడినవాడు మామయ్య. ఆయన్ని అందరూ చెవులాయన అంటారు, చెవులు పెద్దవని కాదు. డబ్బాని చెవి దగ్గరకు తెచ్చి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, అది ఏ రకమో చెప్పేస్తాడు. జొన్న రకం ఊళ్ళోకి కొత్తగా వచ్చినప్పుడు, ఇది మన జాతి కాదని మొదట పట్టుకున్నదీ ఆయనే. మిల్లువాళ్ళకు ఆ సంగతి తెలిసింది నెల తరవాత.

"సీసా రకం గొణుగుతుందమ్మాయ్, నా మీద ఉత్తుత్తి కోపం వచ్చినప్పుడు మీ అత్తయ్యలాగా. జొన్న రకం కసురుకుంటుంది, నిజం కోపం వచ్చినప్పుడు మీ అత్తయ్యలాగా" అని కోడలికి పాఠం చెప్పాడు.

ఒకసారి వేరే ఊరి మున్సిపాలిటీవాళ్ళు చూడ్డానికి వచ్చి, నమ్మకం కుదరక ఆయన కళ్ళకు తువ్వాలు కట్టారు. నలభై డబ్బాలిచ్చారు. నలభైకి నలభై చెప్పాడు. నలభై ఒకటోసారి ఒక పెద్దమనిషి ఏమార్చుదామని జేబులోంచి ఏదో తీసి నలిపితే, "అది సిగరెట్ పెట్టె మీది కాగితమండీ, మానెయ్యండి, దగ్గు కూడా వినపడుతోంది" అన్నాడట. షెడ్డులో కొత్తగా ఎవరు చేరినా ఈ కథ వినకుండా మొదటి టీ తాగలేదు.

కోడలికి ఆ విద్య సగమే వచ్చింది. మిగతా సగం వచ్చేలోపు సూపర్‌వైజరు కుర్చీ వచ్చింది.

నాలుగు నెలల కిందట ఆమె ఒక మంచి పని చేసింది. మంచి పనే అనుకుంది పాపం. పర్సెంటు సారు వచ్చి, చేతిలో గడియారం పట్టుకుని ఎవరి చెయ్యి నిమిషానికి ఎన్ని డబ్బాలు ఏరుతుందో లెక్క రాశాడు. వేగంగా ఏరేవాళ్ళని బెల్టు మొదట్లో నిలబెట్టమన్నాడు. అందరికన్నా వేగం సుడిగాలిది. సుడిగాలి అంటే ముప్పై దాటిన మనిషి, సన్నగా, చేతికి కళ్ళున్నట్టు పని చేస్తుంది. ఆమె అప్పటిదాకా చివరి బల్ల దగ్గర మామయ్య పక్కన నిలబడేది.

ఆ మాటకొస్తే, ఆమెని అక్కణ్ణించి కదపడానికి కోడలికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో మామయ్య అన్నం ముందు కూర్చుని ఎన్నిసార్లు సణిగాడో! "ఆ పిల్లకి మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదమ్మాయ్. రోజంతా పొడుస్తూనే ఉంటుంది. నా పక్కటెముకలు అరిగిపోతున్నాయి." ఒక్క దెబ్బకు రెండు పిట్టలు కదా అనుకుని కోడలు వెంటనే మార్చేసింది.

"నేను చివరి బల్ల దగ్గరే ఉంటానక్కా" అంది సుడిగాలి.

"ఎందుకు?"

"అలవాటైంది."

"నీ అలవాటు కోసం ఊరి లెక్క ఆగుతుందా?" అని కోడలు కొంచెం పెడసరంగానే అంది. సుడిగాలి వెళ్ళి బెల్టు మొదట్లో నిలబడింది.

బెల్టు వేగం పెరిగింది. బేళ్ళు పెరిగాయి. పర్సెంటు సారు రెండు వారాలు నవ్వుతూ తిరిగాడు. ఆ తరవాత లోడ్లు తిరిగి రావడం మొదలుపెట్టాయి. కోడలు ముందు ఊరిని అనుమానించింది. ఇంటింటికీ కరపత్రాలు పంచింది. తరవాత బేకరీని అనుమానించింది. రెండో లోడు తిరిగొచ్చిన రోజు సుడిగాలి మీద విరుచుకుపడింది. "చేతులకి వేగం ఉంటే సరిపోదు, కళ్ళు కూడా పనిలో ఉండాలి" అని అందరి ముందూ అరిచింది. సుడిగాలి తల వంచుకుని విని, ఒక్కసారి చివరి బల్ల వైపు చూసి, మళ్ళీ బెల్టు వైపు తిరిగింది. ఆ చూపు కోడలికి అప్పుడు అర్థం కాలేదు. సాకు వెతుక్కుంటోందనుకుంది.

మూడో లోడు బేళ్ళు విప్పి మళ్ళీ ఏరడానికి రెండు రోజులు పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం అందరూ టీకి బయటకు వెళ్ళారు. బెల్టు ఆగింది. కోడలు మిల్లు పంపిన సంచీ పట్టుకుని చివరి బల్ల దగ్గరకు వచ్చింది. ఈ డబ్బాల్లో ఏం మాయ ఉందో, మామయ్య దాటి ఎలా పోయాయో ఆయన్నే అడుగుదామని.

"ఇవి ఒకసారి చూడండి మామయ్యా."

ఆయన ఒక డబ్బా తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు. "సీసా" అన్నాడు.

కోడలు నవ్వబోయింది. ఆ సంచీలో ఉన్నవన్నీ జొన్నవే, మిల్లువాళ్ళు ముద్ర వేసి మరీ పంపారు. హాస్యమాడుతున్నాడనుకుని ఇంకోటి ఇచ్చింది.

"ఇదీ సీసాయే." అంటూనే ఆయన ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ ఏం కనబడిందో గానీ వెంటనే సర్దుకున్నాడు. "ఆగాగు. జొన్న, జొన్న."

మూడోది ఇచ్చేటప్పుడు కోడలు తన మొహాన్ని బండరాయిలా చేసుకుంది. కనుబొమ్మ కూడా కదపలేదు. ఆయన నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చెవి డబ్బా దగ్గరుంది గానీ, కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి, అక్కడ ఏదో రాసి ఉంటుందని చదవబోతున్నట్టు.

"సీసా..." అన్నాడు. కాసేపాగి, "కదూ?" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఆ బల్ల దగ్గర 'కదూ' అనే మాట ఎవరూ వినలేదు.

"అవును మామయ్యా, సీసాయే" అంది. అంత పెద్ద అబద్ధం ఆమె ఈ మధ్య ఆడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తయ్య అన్నాలు వడ్డించి, ముందు గదిలోకి తొంగి చూసి, అలవాటు ప్రకారం లైటు స్విచ్చి రెండుసార్లు టిక్కుటిక్కుమనిపించింది. గదిలో వెలుగు ఆరి వెలిగింది. మామయ్య పేపరు మడిచి లేచి వచ్చాడు. ఇది రోజూ జరిగేదే. అత్తయ్యకు గొంతు పెంచే ఓపిక లేక అలా చేస్తోందని ఇన్నాళ్ళూ కోడలు అనుకుంది. కోడలి భర్త సిటీ బస్సు డ్రైవరు. సాయంత్రాలు ఆయన డ్యూటీలో ఉంటాడు. లేకపోతే ఆయన కూడా అలాగే అనుకునేవాడు.

మామయ్య తిని వాకిట్లోకి వెళ్ళాక వంటింట్లో కోడలు మెల్లగా అడిగింది. "ఎప్పట్నించి అత్తయ్యా?"

అత్తయ్య కడుగుతున్న గిన్నె కడుగుతూనే ఉంది. ఏమిటి ఎప్పట్నించి అని అడగలేదు.

"రెండేళ్ళు దాటింది. ఎదురుగా కూచుని మాట్లాడితే బాగానే వినపడుతుంది. సన్నటి చప్పుళ్ళే పోయాయి. మొదట్లో నేను పిలిస్తే పలక్కపోయేసరికి, నలభై ఏళ్ళకి నా మీద విసుగు పుట్టిందనుకున్నానే. అలిగి వారం రోజులు మాట్లాడలేదు. ఆయనకి నేనలిగిన సంగతి కూడా తెలీలేదు. అప్పుడర్థమైంది నాకు."

"మరి ఆయనతో అనలేదా?"

"ఏమని అనను? ఆ చెవులు చూసుకునే కదా బతికాడు మనిషి. నాకు తెలుసని ఆయనకి తెలీదు. లైటెందుకలా కొట్టుకుంటోందని అడిగితే స్విచ్చి లూజని చెప్పా. మూడుసార్లు కొత్తది తెచ్చి బిగించాడు, పిచ్చి మనిషి." అని నవ్వబోయి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కోడలు ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుంది.

మర్నాడు పొద్దున షెడ్డు తెరవగానే కోడలు సుడిగాలిని గేటు దగ్గర ఆపింది.

"మామయ్య నీ మీద ఎందుకు సణిగేవాడో చెప్పు. ఆ మోచేతి సంగతేంటి?"

సుడిగాలి చాలాసేపు చేతి గ్లవ్వులు లాక్కుంటూ నిలబడింది. "బాబాయ్ చేతిలోకి జొన్న డబ్బా వచ్చినప్పుడు ఒక పోటు పొడిచేదాన్నక్కా. అంతే. నాకా విద్య నేర్పింది ఆయనే. ఆయనకి వినపడనప్పుడు నేను వినకపోతే ఎలా?"

"ఎవరెవరికి తెలుసిది?"

"నీకు తప్ప అందరికీ."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు సూపర్‌వైజరువి, ఆయన కోడలివి. ఇద్దర్లో ఎవరికి చెప్పాలో తెలీలేదక్కా."

రెండేళ్ళుగా ఊరి లెక్క ఒక మోచేతి మీద నిలబడి ఉంది. ఊరిని బాగుచేద్దామని తనే ఆ మోచేతిని తీసి అవతల పెట్టింది. పైగా అందరి ముందూ తిట్టింది.

అందరి ముందు చేసిన తప్పు అందరి ముందే దిద్దుకోవాలి. బెల్టు తిప్పకముందే కోడలు పదిమందినీ, మామయ్యనీ పిలిచింది. "లోడ్లు తిరిగి రావడం సుడిగాలి తప్పు కాదు. మనుషుల్ని తప్పుగా మార్చింది నేను. నోరు పారేసుకుంది కూడా నేనే." ఇంతకన్నా చెప్పలేదు. సుడిగాలి నేల చూసింది. చివరి బల్ల దగ్గర మామయ్య ఆ మాటలు మాట్లాడిన పెదవుల వైపే చూస్తూ నిలబడిపోయాడు.

పదింటికి పర్సెంటు సారు వచ్చాడు. మొహంలో నిద్ర లేదు. ఆయనకీ పైన ఎవరో ఒక సారు ఉంటాడు కదా.

"నేను లెక్క వేశానండీ. తొంభై శాతం తప్పులు చివరి బల్ల దగ్గరే. పెద్దాయన్ని గేటు దగ్గర కూచోబెట్టండి. రేపటినుంచి ఇంకొకరిని నిలబెట్టండి. మనకి ఇంక రెండే లోడ్లు."

"ఈ ఒక్క రోజు నాకొదిలెయ్యండి సార్."

"ఒక్క రోజంటే..." అని ఆయన శాతం వెయ్యబోయాడు. ఆమె మొహం చూసి మానుకున్నాడు. "సాయంత్రానికి చెప్పండి" అని వెళ్ళిపోయాడు.

కోడలు కుర్చీలో కూలబడింది. ఆయన్ని అక్కడే ఉంచితే పదకొండు మంది పొయ్యి ఆరుతుంది. తీసేస్తే ఆయన బతికుండగానే సగం పోతాడు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. మధ్యాహ్నం టీ వేళ దాకా అలాగే కూర్చుని, చివరికి లేచి, తనే ఒక ఏప్రాన్ కట్టుకుని బల్ల దగ్గరకు నడిచింది. ఆయనకు ఎదురుగా నిలబడి, స్పష్టంగా అంది.

"నాకు మిగతా సగం నేర్పండి మామయ్యా."

ఆయన చాలాసేపు ఆమెను చూశాడు. "ఎవరు చెప్పారు? మీ అత్తయ్యా?"

కోడలు తెల్లబోయింది. "ఆవిడకి తెలుసని మీకు తెలుసా?"

"స్విచ్చి మూడుసార్లు విప్పి చూశానమ్మాయ్. మూడుసార్లూ భేషుగ్గా ఉంది. ఆవిడ దాద్దామనుకుంటోంది, దాచుకోనీలే అని ఊరుకున్నా. పైకి అంటే ఆవిడ ఏడుస్తుంది."

"మరి సుడిగాలి?"

"అదీ తెలుసు. ఇంట్లో దాన్ని నేను తిట్టింది ఎందుకనుకున్నావు? తిట్టకపోతే నువ్వే అడుగుదువు, ఆ అమ్మాయి మిమ్మల్ని ఎందుకలా పొడుస్తోందని. నోరు మూయిద్దామని నాలుగు మాటలు సణిగితే, నువ్వు దాన్ని నిజంగానే మార్చిపారేశావు. మార్చొద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అని ఆగాడు. "వినపడట్లేదమ్మాయ్. ఆ మూడు లోడ్లూ నావే. రేపు గొణుగుడు వినపడుతుంది, ఎల్లుండి వినపడుతుంది అనుకుంటూ నెట్టుకొచ్చా. నా ఒక్కడి చెవి కోసం ఇంతమంది నోటి దగ్గర కూడు తీసెయ్యబోయా."

ఆ మాట అన్నాక ఆయన వెనక్కి చెయ్యి పెట్టి ఏప్రాన్ ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు. ముడి రావడం లేదు.

కోడలు వెనక్కి వెళ్ళి, ఆ ముడిని మళ్ళీ బిగించి కట్టింది. "చెవి పోయింది గానీ చెయ్యి పోలేదు కదా. ఇందాక నేనూ నొక్కి చూశాను. నాకు రెండూ ఒకలాగే వినపడుతున్నాయి. ఎక్కడ నొక్కాలి?"

"ఎక్కడ నొక్కావు?"

"మధ్యలో."

"మధ్యలో నొక్కితే ఏడ్చినట్టే ఉంటుంది. మూల దగ్గర, మడత పక్కన, గోరు తగలకుండా." కోపంగానే అన్నాడు. ఆ కోపం వినగానే కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆయన ఒక డబ్బా తీసుకుని, ఈసారి తన చెవి దగ్గరకు కాదు, ఆమె చెవి దగ్గరకు చాచి నొక్కాడు. ఇంకోటి తీసి నొక్కాడు. మొదటిది గొణిగింది. రెండోది కసురుకుంది. షెడ్డుకొచ్చిన పన్నెండేళ్ళలో ఆమెకు అంత తేటగా ఎప్పుడూ వినపడలేదు.

"రెండోది జొన్న" అంది.

మామయ్య డబ్బాలు బల్ల మీద పెట్టాడు. ఆమె తల మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశాడు.

సాయంత్రం పర్సెంటు సారు వచ్చేసరికి చివరి బల్ల దగ్గర ముగ్గురున్నారు. మధ్యలో మామయ్య, ఒక పక్క కోడలు, ఇంకో పక్క సుడిగాలి. ఆయన నొక్కుతాడు, వీళ్ళిద్దరూ వింటారు. "ఒకరి పనికి ముగ్గురా?" అన్నాడు సారు. "సామర్థ్యం మూడింట ఒక వంతుకు..."

"సార్, వేగంగా పంపి తిరిగి తెచ్చుకోవడం కన్నా, మెల్లగా ఏరి ఒక్కసారే పంపడం మేలు కదా" అంది కోడలు. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుని తల ఊపాడు.

ఆ వారంలోనే అత్తయ్యా కోడలూ కలిసి మామయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళి చెవి మిషను పెట్టించారు. ఆశ ఉంటుంది కదా ఎవరికైనా. మర్నాడు ఆయన దాన్ని పెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. బెల్టు తిరగ్గానే రెండు చేతులతో తల పట్టుకున్నాడు. డబ్బా నొక్కితే గొణుగుడూ లేదు, కసురుడూ లేదు, అన్నీ కలిసి ఒకటే రొద, రేకుల కప్పు మీద వడగళ్ళు పడినట్టు. గంట భరించి, తీసి జేబులో వేసుకున్నాడు. తరవాత ఆ మిషను ఇంట్లో సొరుగులోకి వెళ్ళిపోయింది. దాని మాట ఎవరూ ఎత్తలేదు.

మొదటి లోడు వెళ్ళింది. తిరిగి రాలేదు.

రెండో లోడుకి బేళ్ళు కడుతుండగా మామయ్య ఒక మాటన్నాడు. "ఊళ్ళో జొన్న డబ్బా వాడే కొట్లు ఎన్నమ్మాయ్? మూడే కదా. చెవికి తెలిసేదాన్ని కంటికి తెలిసేట్టు చెయ్యమని వాళ్ళనే అడిగితే పోలా?" అన్నవాడు ఊరుకోలేదు. టీ వేళ తనే బేకరీకి నడిచి వెళ్ళాడు. బేకరీ ఆయన్ని ఒక పక్కన కూచోబెట్టి, రెండు డబ్బాలు చేతిలో పెట్టి, ఇందులో నీది ఏదో చెప్పమన్నాడు. బేకరీ ఆయన చెప్పలేకపోయాడు. "నువ్వు కొన్న డబ్బా నీకే తెలీకపోతే మాకెలా తెలుస్తుందయ్యా?" అని మామయ్య నవ్వాడు. వారం తిరక్కుండా మూడు కొట్లవాళ్ళూ జొన్న డబ్బాల అంచున వేలెడు ఆకుపచ్చ పట్టీ అంటించడం మొదలుపెట్టారు.

"దీంతో డెబ్భై శాతం సమస్య తీరినట్టే" అన్నాడు పర్సెంటు సారు, కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనై.

"మిగతా ముప్పై శాతానికి మా కోడలి చెవులున్నాయి లెండి" అన్నాడు మామయ్య. ఆ రోజునుంచి పట్టీ లేని పాత డబ్బాలే ఆయన చేతికి వచ్చేవి. ఆయన నొక్కేవాడు, వాళ్ళు వినేవాళ్ళు. మధ్యమధ్యన సుడిగాలి పాత అలవాటు కొద్దీ ఒక పోటు పొడిచేది. "పక్కటెముకలే, పక్కటెముకలు!" అని ఆయన అరిచేవాడు, ఇప్పుడు నిజంగా సంతోషంతో.

ఏడాదిలో చివరి పనిదినం సాయంత్రం కోడలు ఇంటి మెట్ల దగ్గర ఉండగా ఫోన్ మోగింది. అవతల పర్సెంటు సారు. కాసేపు ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.

"గేటు దాటిందండీ" అన్నాడాయన. ఎంత శాతమో చెప్పలేదు. అడిగితే కదా చెప్పడానికి, కోడలు అప్పటికే రెండేసి మెట్లెక్కుతూ పైకి పరిగెత్తింది.

మామయ్య ముందు గదిలో, గుమ్మం వైపు వీపు పెట్టి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోడలు తిన్నగా వంటింట్లోకి దూరి, అత్తయ్యను రెండు చేతులా పట్టుకుని చెప్పేసింది. షెడ్డు నిలిచింది. అందరూ ఉంటారు. చివరి బల్లా ఉంటుంది. అత్తయ్య చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఆయనకి చెప్పాలే, ముందు ఆయనకి చెప్పాలి" అంటూ వచ్చి, గుమ్మంలో ఆగి, గోడ మీది స్విచ్చి కోసం చెయ్యి చాచింది.

"ఆ స్విచ్చికేం రోగం లేదు" అన్నాడు మామయ్య, వెనక్కి తిరక్కుండానే. "పిలు."

అత్తయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అప్పుడు కోడలు చూసింది. పక్కన సొరుగు తెరిచి ఉంది. ఆయన కుడి చెవిలో మిషను ఉంది. షెడ్డులో రొద పెట్టిందని తీసేసినదాన్ని ఆయన ఇంటికోసం దాచుకున్నాడు.

రెండేళ్ళుగా ఆమె ఆయన్ని గది అవతలినుంచి పిలిచింది లేదు. అత్తయ్య కోడలి వైపు చూసింది, కొత్త పెళ్ళికూతురిలా బెదిరిపోయి. "ఏమని పిలవనే?" అని పెదవులతోనే అడిగింది. కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఊరికే తల ఊపింది.

అత్తయ్య గొంతు సవరించుకుంది.

"ఏమండీ" అంది.

పక్కనే ఉన్న కోడలికే సరిగ్గా వినపడనంత చిన్నగా అంది. ఇంకొంచెం గట్టిగా పిలవండి అత్తయ్యా అని ఆమె అనబోతుండగానే కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. మామయ్య లేచి వస్తున్నాడు.